ఏడో మంచం దుప్పటి

అదిగో, మళ్ళీ అదే మాట. చీమ కుట్టినంత కూడా లేదంటావు. మొన్నట్నించి ఇది నాలుగోసారి నువ్వా మాట అనడం, నేను వినడం. చీమ కుడితే బొటనవేలికి గుడ్డ చుట్టుకుని తిరుగుతారా ఎవరైనా?

ఆ దుప్పటి రెండో కొస ఇలా ఇవ్వు. ఒక్కదానివే మడతపెడుతుంటే సగం నేలమీద ఈడుస్తోంది. ఊఁ, లాగు. మీ సూపర్‌వైజరు భోజనానికి వెళ్ళాడు, చూసుకునే వచ్చాను. ఈ ఉతికే యంత్రాల మోతలో మనం ఏం మాట్లాడుకున్నా పక్కవాళ్ళకి వినపడదు. పైన వార్డులో నా పని ఇంకో ఆయాకి అప్పజెప్పి వచ్చాను. ఎందుకని అడిగింది. కడుపునొప్పి అన్నాను.

నేను మాట్లాడే మనిషిని కాదని నీకు తెలుసు. నువ్వు మా మరిదిని చేసుకుని ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళలో నేను నీతో ఆడిన మాటలన్నీ మూటగడితే ఒక దిండు గలీబు నిండదు. తోడికోడలివా, తలుపు చెక్కవా అని నువ్వే కదా వెక్కిరించేదానివి. ఆ తలుపు చెక్కే ఇవాళ మెట్లు దిగి వచ్చి నీ ముందు నిలబడింది. ఎందుకొచ్చిందో కొంచెం ఆలోచించు చెల్లీ.

సోమవారం పొద్దున పదింటికి గుచ్చుకుంది అన్నావు. మురికి బట్టల మూట విప్పి తడుముతుంటే, అవునా? ఇవాళ బుధవారం. గోడ గడియారం చూడు, మూడు దాటింది. పరీక్షలు చేసే పదకొండో గది నాలుగింటికి మూసేస్తారు. రేపు మళ్ళీ తెరిచేది పదింటికి, చీటీ రాసి లోపలికి పిలిచేసరికి పదకొండు. అప్పటికి డెబ్భై రెండు గంటలు దాటిపోతాయి. వేళ్ళమీద మూడుసార్లు లెక్కేశాను. ఐదో తరగతి చదువే కావచ్చు, ఈ లెక్క మాత్రం తప్పు కాదు.

దేనికి డెబ్భై రెండు అంటే? మందుకి. మనిషికి ఆ రోగం ఉండి, ఆ మనిషి రక్తం ఉన్న సూది మనకి దిగితే, అది ఒంట్లో పాతుకుపోకుండా ఆపే బిళ్ళలున్నాయట. ఆ గంటల్లోపు మొదలెట్టాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, మనం ఇప్పటికే ఆలస్యం. అది దాటాక వేసుకున్నా మింగినందుకే గాని పనిచేసేందుకు కాదట. ఇరవై ఎనిమిది రోజులు, ఒక్కరోజు మానకుండా. వికారం పెడుతుంది, తల తిరుగుతుంది, పెట్టనీ. కడుపుతో ఉన్నప్పుడు మూడు నెలలు పడ్డావు, ఇదో నెల పడలేవా?

ఏ రోగం అని అడుగుతావేం. నీకు తెలుసు నేను దేని గురించి చెప్తున్నానో. ఎయిడ్స్ అని మనం నోరు నొక్కుకుని అంటామే, అది. ఆ గదిలో హెచ్ఐవి అంటారు. ముందు వచ్చేది అదే, దాన్ని వదిలేస్తే ఎయిడ్స్ దాకా పోతుందట.

నవ్వకు. నవ్వే విషయం కాదు.

బ్లీచింగ్ నీళ్ళలో చెయ్యి ముంచావని చెప్పావుగా. ముంచి, వేలు పిండి పిండి రక్తం తీశావని కూడా. దుప్పటి మీద మరక పోయినట్టు ఒంట్లో దూరింది కూడా పోతుందనుకున్నావా అమ్మాయ్? అలా చెయ్యకూడదట. సబ్బు రాసి ధారగా నీళ్ళకింద పెట్టడం, అంతే. పిండితే ఏమీ బయటికి రాదు, బ్లీచింగ్ పోస్తే తోలు కాలుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరం చేసే తెలివితక్కువ పనే ఇది. అన్నిటికీ అదే మందు మనకి, బండలకీ అదే, బాల్చీలకీ అదే.

చేతికి తొడుగు ఎందుకు వేసుకోలేదని నేను అడగను. నాకు తెలుసు. ఆ మందపాటి తొడుగులతో మూట తడిమితే లోపల చెంచా ఉందో, పెన్ను ఉందో తెలియదు. తెలియక యంత్రంలో వేస్తే అది చెడుతుంది, అది చెడితే మీ సూపర్‌వైజరు చెవులు తినేస్తాడు. అందుకని అందరూ ఒట్టి చేత్తోనే తడుముతారు. నీదేం తప్పు లేదు. ఆ మాట గుర్తుపెట్టుకో, నీదేం తప్పు లేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే... ఆ కొస వదలకు, పట్టుకో.

నిన్న వెళ్ళాను. పదకొండో గదికే. తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి లోపలున్నావిడే లేచొచ్చి రామ్మా కూర్చో అంది. నాకు కాదండీ, నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది, ఆవిడకి సూది గుచ్చుకుంది అన్నాను. అందరూ అలాగే అంటారమ్మా, ఫరవాలేదు అంది. అని నా చేతులకేసి చూసింది. కాదండీ నిజంగానే అన్నాను. సరే నిజంగానే, చెయ్యి ఇలా పెట్టు అంది.

నాకు ఎదురు చెప్పడం ఎక్కడొచ్చు. పెట్టాను. రక్తం తీసేసుకుంది.

ఇప్పుడు నవ్వు, ఇది నవ్వే విషయమే. తోడికోడలికి గుచ్చుకుంటే పరీక్ష నాకు. కాసేపటికి పిలిచి ఏమీ లేదమ్మా అంది. సంతోషించాలి కదా, ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఆవిడ అన్నీ విడమరిచి చెప్పింది.

పక్కన కూర్చుంటే రాదట. దగ్గితే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు, ఒకే బాత్రూముకి వెళితే రాదు, దోమ కుడితే రాదు. రక్తం రక్తంలో కలిస్తే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పాలల్లోంచో. ఇంక ఆడామగా... అదీ వస్తుంది. ఆ మాట ఆవిడ అంత తేలిగ్గా ఎలా అందో, నేను మాత్రం గోడమీద కాగితం కేసి చూస్తూ కూర్చున్నాను.

సూది గుచ్చుకున్న అందరికీ రాదు. వెయ్యిమందికి గుచ్చుకుంటే ముగ్గురికో ఎంతమందికో వస్తుందట.

అదిగో, తెలుసు నాకు, ముగ్గురేగా అంటావని. ఆ ముగ్గురికి కూడా ముగ్గురేగా అనే ఎవరో చెప్పి ఉంటారు. పైగా అది అన్ని సూదులకీ ఒకటి కాదు. లోపల బోలుగా ఉండి రక్తం నిండిన సూదయితే ఎక్కువ. ఆ రోగమున్న మనిషి మందులు సరిగ్గా వాడుతుంటే బాగా తక్కువ, మానేసి ఉంటే ఎక్కువ.

ఎవరిదో ఏమిటో తెలియని సూదికి ఇంత రాద్ధాంతం ఎందుకంటావు. ఊఁ.

అసలు నీ బాధ సూది గురించి కాదు, ఆ గది గురించి. దాని బయట బల్లమీద కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు, మొగుడు ఊళ్ళో లేడు, ఈవిడికి ఈ గదిలో ఏం పని అనుకుంటారు. అంతేనా? అనుకుంటారు. నన్ను నిన్న వంటగది మేస్త్రి చూశాడు. ఇవాళ పొద్దున మెట్లమీద ఎదురైతే మనిషి గోడకి అతుక్కుపోయి దారిచ్చాడు. చూస్తే చూశాడు. మీ బావగారికి చెప్తే చెప్పాడు. నా వయసులో నాకు ఇంత కీర్తి రావడం ఆయనకీ వింతగానే ఉంటుంది.

నీకు నేనేమీ రుద్దడం లేదు. చంటిదాని సంగతి చూడు ఒక్కసారి. పది నెలలు దానికి, ఇంకా నీ పాలే. ఇవ్వాలా మానాలా, నాకు తెలియదు, లోపల చెప్తారు. అది అడగడానికైనా వెళ్ళాలి కదా. ఇంక శనివారం మా మరిది వస్తాడు. నాలుగు నెలల తర్వాత ఇంటికొస్తున్న మొగుడు. పరీక్షలన్నీ అయ్యేదాకా జాగ్రత్తలు... అవి వాడమని... ఆ మాట నా నోటితో అనిపించకు చెల్లీ, వాడికి నేను అన్నం తినిపించి పెంచాను. అది కూడా ఆవిడే చెప్తుంది.

ఇవాళ పరీక్ష చేస్తే ఏమీ కనపడదు. ఇప్పటిదాకా నీకు లేదని రాసుకోవడానికి చేస్తారు. మళ్ళీ నెలా పదిహేను రోజులకి, మళ్ళీ మూడు నెలలకి. అప్పుడు కూడా లేదంటే లేనట్టే. లోపల చెప్పిన మాట బయటికి రాదట. నా సంగతి రాలేదుగా, మేస్త్రి కళ్ళు తప్ప.

ఇంకా కదలవు. మూడుంబావు అయింది.

ఈ దుప్పట్లు ఎటూ పోవు. నువ్వు రాకపోతే వీటిని ఇంకొకరు మడతపెడతారు. నిజం చెప్పు, నేను ఎంత చెప్పినా నీకు బుర్రకెక్కదా? ఎవరి సూదో తెలియనిదానికి ఎందుకు పరీక్ష అనే మాట పట్టుకుని వేలాడతావేం?

తెలుసు.

తెలుసు అంటున్నా. ఎవరి సూదో నాకు తెలుసు.

అలా కొస వదిలేస్తే ఎలా, నేలమీద పడింది చూడు. సరే, పడనీ.

ఏడో మంచం. ఆడమనిషి. పేరు చెప్పను, పుస్తకాల కొట్టులో పనిచేసేదట. ఒళ్ళు బాగుందని ఏడాది పాటు బిళ్ళలు మానేసింది, పెద్ద డాక్టరు కోప్పడుతుంటే విన్నాను. అప్పట్నించి ఆ మంచం దగ్గరికి వెళ్ళాలంటే రెండు జతల తొడుగులు వేసుకునేదాన్ని. ఆవిడ గ్లాసుకి దారం కట్టాను, మిగతావాటిలో కలవకుండా. ఆవిడ ఆ దారం చూసింది. అందులోనే తాగింది.

సోమవారం పొద్దున్నే ఆవిణ్ణి పై అంతస్తుకి మార్చారు. హడావుడిగా రక్తం తీశారు, హడావుడిగా తీసుకుపోయారు. నేను దుప్పటి తీయడానికి వెళ్ళాను. దులిపి చుట్టాలి, అదీ పద్ధతి. దులపబోతే కనిపించింది. నడుం కింద ముడతలో సూది. నర్సమ్మ మరిచిపోయింది. లోపల ఎర్రగా ఉంది ఇంకా.

వాడిన సూదులు పడేసే డబ్బా నర్సమ్మ బల్ల దగ్గర ఉంది. పట్టుకారు కూడా అక్కడే. పన్నెండు అడుగులు ఉంటుందేమో. వెళ్ళి తేవచ్చు. నర్సమ్మని పిలవచ్చు. నాకు పిలవడం రాదు, ఆవిడ అందరి ముందూ నాదా తప్పు అంటుందని భయం. అది ఒక సాకు. అసలు సంగతి అది కాదు. దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం వేసింది. నా రెండు జతల తొడుగుల్లో ఉండి నాకు భయం వేసింది.

అందుకని నాలుగు కొసలూ లోపలికి మడిచాను. మూట చుట్టి బండిలో పడేశాను. కింద వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను.

కింద నువ్వున్నావని తెలియదా అంటే, తెలుసు. ఈ పని నీకు ఇప్పించిందే నేను. ఆ నిమిషంలో మాత్రం కింద వాళ్ళు అంటే మొహాలు లేని వాళ్ళు. ఎవరివో చేతులు.

సాయంత్రం నువ్వు వేలికి గుడ్డ కట్టుకుని కూరగాయలు తరుగుతూ, మూటలో సూది గుచ్చుకుంది అక్కా అన్నావు. ఎప్పుడు అంటే పదింటికి అన్నావు. మా వార్డు బండి కిందికి దిగేది అప్పుడే. అప్పుడే చెప్పాల్సింది. నిన్న కూడా ఇవాళ కూడా నువ్వే ఎలాగో ఆ గదికి వెళ్ళిపోతే నేను చెప్పే అవసరం ఉండదని చూశాను. బిళ్ళలు వేసుకుంటే చాలు, ఎవరి సూదో ఎప్పటికీ తెలియకపోతే చాలు అనుకున్నాను. రెండు రోజులు నీ గంటలు అలా తినేశాను.

అలా చూడకు. లేదు, చూడు, నాకేం.

తిట్టు. కొట్టాలనిపిస్తే కొట్టు. మీ బావగారికి చెప్పు, శనివారం మీ ఆయనకి చెప్పు, మీ సూపర్‌వైజరుకి చెప్పి నన్ను పైన పనిలోంచి తీయించు. అన్నీ చెయ్యి. కాని నాలుగు దాటాక.

లోపల ముందు అడిగేది ఎవరి సూదో తెలుసా అని. తెలిసినావిడ బయట బల్లమీద ఉందని చెప్పు. నన్ను పిలుస్తారు, మంచం సంఖ్య నేను చెప్తాను. అది రాసుకున్నాక నర్సమ్మనీ నన్నూ ఇద్దరినీ సంజాయిషీకి పిలుస్తారు. పిలవనీ.

చెప్పులు వేసుకో. నాతో నడవడం ఇష్టం లేకపోతే ముందు నువ్వు నడు, నేను నాలుగు అడుగులు వెనక వస్తాను.

ఏమన్నావు? వినపడలేదు, ఆ యంత్రం...

మళ్ళీ అలాంటి సూది కనపడితే చేత్తో తీస్తావా అని అడుగుతున్నావు.

నీకు ఇంకో అబద్ధం చెప్పి ఏం లాభం. తెలియదు. ఇప్పుడు తలుచుకున్నా నా చెయ్యి దానంతట అదే వెనక్కి పోతోంది. గుచ్చుకునేది నీ చెయ్యి అని ఆ రోజు అనుకోలేదు, అంతే. నేను అలాంటిదాన్నే అని నాకూ మొన్నే తెలిసింది.

నడు. మూడున్నర.