చెప్పుల అలమరలో సర్వర్

ఆదివారం మధ్యాహ్నం మరిది లాప్‌టాప్ పట్టుకుని చెప్పుల అలమర ముందు చతికిలబడ్డాడు. దాని పై అరలో ఉన్న చిన్న సర్వర్‌లోనే వదిన ఒక బడి భవనానికి గీసిన ప్లాన్లన్నీ ఉన్నాయి. ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించేస్తున్నా వదినా. చిటికెలో పని."

"నీ చిటికెలు నాకు కొత్తా? బ్యాకప్ తీశావా?"

"రోజూ దానంతటదే తీసుకుంటుంది."

"తీసి ఎక్కడ దాస్తుంది?"

"అందులోనే."

"అంటే తాళంచెవీ, మారు తాళంచెవీ ఒకే గుత్తిలో వేశావన్నమాట."

మరిది నాలిక కరుచుకుని, బ్యాకప్‌ను బయటి డిస్కులోకి కాపీ చేశాడు.

"ఇప్పుడు సరేనా?"

"తెరిచి చూపించు."

తెరిచాడు. లోపల ఏమీ లేదు.

"ఎప్పట్నించో ఖాళీగానే తీస్తున్నట్టుంది. మీరు అడక్కపోతే..."

"ఆ మాట పూర్తి చెయ్యకు. మళ్ళీ తియ్యి."

తీశాడు. దాన్ని పాత లాప్‌టాప్‌లో ఎక్కించి, మెట్ల ప్లాను తెరిచాడు. ఆమె ఒక్కో గీతా చూసి తలూపాకే సర్వర్ ఆపి, కొత్త వెర్షన్ వేశాడు. ప్లాన్లన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి.

"ఇంతకీ కొత్తగా ఏమొచ్చింది?"

"కంటికి కనబడేదేమీ లేదు. బయటివాళ్ళు దూరే సందొకటి ఉండేది, మూసుకుంది."

"ఎప్పట్నించి ఉంది?"

"ఏడాదై ఉంటుంది."

"ఏడాదిపాటు మనకి నిద్రెలా పట్టిందిరా?"

"తెలీదు కాబట్టి పట్టింది వదినా."

"ఆ డిస్కు ఇలా ఇవ్వు."

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గర దాస్తా. ఆవిడ చేతిలో పడ్డ వస్తువు నేనడిగినా బయటికి రాదు."