మొదటి ముద్ద

తెల్లవారుజామున కురిసిన వాన వెలిసి, గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల మీద మబ్బు పలచబడి ఎండ తొంగిచూస్తోంది. ఆఫీసుకు సెలవు పెట్టి, టాంజానియాలో ఒక పల్లె బడిలో మూడు నెలలు జీతం లేకుండా పాఠాలు చెప్పి నిన్ననే తిరిగొచ్చిన భానుశ్రీని ఇంటి ఓనరు పోచమ్మ వంటింట్లో కూర్చోబెట్టింది.

"మీ అమ్మ ఆపరేషన్ మంచిగైతే పదారు సోమవారాలు పొద్దుగూకేదాంక ఏం ముట్టకుండ ఒక్కపొద్దుంటనని మొక్కితివి. నిండినయా బిడ్డా?"

"తిట్టకండి ఆంటీ. ఇక్కడున్నప్పటి నాలుగే. అక్కడ మొదటి సోమవారమే తప్పింది."

"ఆకలికి ఆగలేదా?"

"నేను ఆగాను. మధ్యాహ్నం నలభైమంది పిల్లలు కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ ముట్టరే! బతిమాలాను, కోప్పడ్డాను. ఒక చిన్నది ఏడ్చేసింది. టీచరు తింటేగానీ వాళ్లు తినరని వంటామె చెప్పేసరికి నాకూ ఏడుపొచ్చింది."

"అయ్యో! మరేం జేసినవ్?"

"కింద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా. ఒకటే కేకలు, చప్పట్లు! చల్లారిన కూడే పోటీపడి తిన్నారు. ఇక ప్రతి సోమవారం నా నోటికేసే చూసేవాళ్లు. మొక్కు పోయినట్టేనా ఆంటీ?"

"యాడ పోతది? పరాయి దేశంల నువ్వు ఆగవని నాకెర్కే. తక్కిన పన్నెండూ నేనే ఉన్న."

భానుశ్రీ నవ్వు ఆపుకోలేక పోచమ్మను వాటేసుకుంది.

పోచమ్మ రెండు కంచాల్లో అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. తన కంచం మాత్రం ముట్టలేదు.

"కానియ్ టీచరమ్మా."

భానుశ్రీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కడుపునిండా తిన్నారు.