థోరా గారి బొటనవేలు

మిత్రులారా, ఇరుగుపొరుగు వాళ్ళారా, నది అవతలి నుంచి పడవలేసుకొని వచ్చిన పెద్దలారా! ఈ బడి భోజనశాలలో మన స్ప్రూస్ బెండ్ ఊరంతా ఇలా ఒక్కచోట చేరడం నేను చూస్తున్నది ఇది రెండోసారి. మొదటిసారి థోరా ఎంగ్‌స్ట్రామ్ గారి నోరు మూయించడానికి చేరాం. ఈరోజు ఆ నోరు ఇక పలకదని దుఃఖపడటానికి చేరాం.

మంగళవారం ఉదయం, తన ఇంటి వరండాలో, ఆ ఆకుపచ్చ కుర్చీలోనే, ఎనభై ఎనిమిదో ఏట ఆమె కన్నుమూశారు. ముప్పై ఏళ్ళు ఈ గోడ అవతల వంట చేశారు. ఇక్కడున్న వాళ్ళలో ఆమె దాల్చినచెక్క రొట్టెలు తినని వాళ్ళెవరు? ఆమెను తిట్టుకోని వాళ్ళెవరు? నేను మాత్రం రెండూ కడుపునిండా చేశాను.

మన ఊళ్ళో కారు లేని ఇల్లుందేమో గాని, విమానం లేని ఇల్లు వెతుక్కోవాలి. రోడ్లు లేని చోట రెక్కలే కాళ్ళు. ఊరి మీద ఎగిరేటప్పుడు వెయ్యి అడుగుల కంటే కిందికి దిగకూడదని చట్టం. ఆ చట్టం మనకు తెలియదా? తెలుసు. చేపలు ఇన్నే పట్టాలని కూడా తెలుసు కదా, ఇదీ అలాగే తెలుసు! ఆకాశం ఎవడబ్బ సొమ్మనుకొనేవాళ్ళం.

వేట నుంచి వచ్చేటప్పుడు నా పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. నేరుగా మా ఇంటి మీదికి దిగి, పొగగొట్టం పక్క నుంచి రెక్కలూపుకుంటూ పోయేవాణ్ణి. అంటే మా ఆవిడ నోరీన్ సూప్ పొయ్యి మీద పెట్టి, బండి తీసుకొని విమానాల మైదానానికి రావాలన్నమాట. ఊరికే మురిపెం. కళ్ళు నెత్తికెక్కిన మురిపెం.

థోరా గారి కొలత మీకందరికీ తెలుసు. చెయ్యి బారుగా చాచి బొటనవేలు ఎత్తేవారు. విమానం రెక్కలు ఆ వేలి చాటున దాగితే వెయ్యి అడుగుల ఎత్తున ఉన్నట్టు. కొసలు అటూ ఇటూ పొడుచుకొస్తే కిందికి దిగినట్టు. మొదటి తప్పుకు ఇంటికి ఫోను. రెండో తప్పుకు మన పైలట్ల క్లబ్బుకు. మూడో తప్పుకు నేరుగా లైసెన్సులిచ్చే పైవాళ్ళకు. మా ఇంటికి వచ్చిన ఫోను ఇది: "నోరీన్, మీ ఆయన మీ పొగగొట్టంలో కాఫీ కాచుకుంటున్నాడు. అలవాటు మాన్పించు తల్లీ."

నేను మానానా? మానలేదు. మూడో ఫోను వెళ్ళింది. తొంభై రోజులు నా లైసెన్సు ఆపేశారు. సాల్మన్ చేపలు నదినిండా ఎదురీదే ఆ వేసవంతా నేను గట్టున కూర్చొని గోళ్ళు గిల్లుకున్నాను.

అప్పుడే మనమంతా ఇక్కడ చేరాం. ఆమె ఫిర్యాదులు ఆపాలని కాగితం రాశాం. మొదటి సంతకం నాది. మిగతావి ఎవరివో చెప్పను, మొహాలు చూస్తుంటేనే తెలుస్తోంది. ఆమె పిలవకుండానే వచ్చి, కళ్ళజోడు పెట్టుకొని, ఆ కాగితం చివరిదాకా చదివారు. "అరవై రెండు సంతకాలు. అరవై రెండు మందికీ అన్నం పెట్టాను. బాగానే పెరిగారు," అన్నారు. ఆపుతాననలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, "డేల్, వెయ్యి అడుగులు," అని వెళ్ళిపోయారు.

లైసెన్సు తిరిగొచ్చాక ఆమె వరండా మీదుగా సరిగ్గా వెయ్యి అడుగుల్లోనే ఎగిరేవాణ్ణి. బుద్ధొచ్చి కాదండీ, ఒళ్ళు మండి. "చూసుకో ముసలీ, నీ వేలు దాటానేమో చూసుకో," అని పైనుంచి అరిచేవాణ్ణి. రెండేళ్ళు అలా అరిచాను.

అక్టోబరులో ఒక పొద్దున ఇదే బడి మీద నా ఇంజను ఆగిపోయింది.

దగ్గలేదు, వణకలేదు, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఇక్కడ ఒకరిద్దరికి తెలుసు. కింద ఆటల సమయం. పిల్లలంతా బయటే ఉన్నారు. వాళ్ళలో ఎర్ర టోపీ పెట్టుకున్నది మా బ్రిట్, దానికప్పుడు ఏడేళ్ళు. వెయ్యి అడుగులంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. వెయ్యి అడుగులంటే ఒక నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో ముక్కు వంచాను, నది వైపు తిప్పాను, దిగడానికి నదిలో గులకరాళ్ళ దిబ్బ చూసుకున్నాను. ఒక చక్రం ఊడింది, పెదవి చిట్లింది. అంతే.

నా పాత ఎత్తులో ఉండి ఉంటే? పదిహేను సెకన్లు. పదిహేను సెకన్లలో నది దాకా వెళ్ళగలనా? నది దాకా కాదు మిత్రులారా, ఈ బడి ఆవరణ కూడా దాటలేను.

అందరికంటే ముందు దిబ్బ మీదికి పరుగెత్తుకొచ్చింది ఎవరనుకున్నారు? డెబ్భై ఒక్క ఏళ్ళ థోరా గారు, రబ్బరు బూట్లతో, మోకాళ్ళ దాకా నీళ్ళలో నడుచుకుంటూ. "చెప్పానా!" అంటారని తల వంచుకున్నాను. ఆమె అనలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ పోయబోతే సగం రాళ్ళ మీద పోయింది. నా పక్కన కూలబడి చిన్నపిల్లలా ఏడ్చారు. ఏడుస్తూ ఒక సంగతి చెప్పారు. ఆ సంగతే ఈరోజు మీకు చెప్పాలి.

ఆమె బట్టలు ఎప్పుడూ వంటింట్లోనే ఆరేసుకొనేవారు. జూలై ఎండలో కూడా. "థోరా గారి లోదుస్తులకు సిగ్గెక్కువ," అని మనం నవ్వుకొనేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఆమెకు ఇరవై ఏడేళ్ళప్పుడు, భర్త ఐవర్‌తో ఊరికి దూరంగా అడవిలో ఉండేవారు. ఫోను లేదు, రేడియో లేదు. ఐవర్ విమానంలో ఊరికి వెళ్ళి వచ్చేటప్పుడు ఇంటి మీద ఒక చుట్టు తిరిగేవాడు. తీగ మీద తెల్ల దుప్పటి ఉంటే అంతా క్షేమం. ఎర్రది ఉంటే ఏదో కావాలి, మళ్ళీ ఊరికి వెళ్ళి రావాలి. మే నెలలో ఒకరోజు ఆమె ఉతికిన దుప్పటి ఆరేశారు. ఒకప్పుడు ఎర్రదే. ఉతికి ఉతికి వెలిసిపోయి ఎరుపో తెలుపో తెలియని రంగయింది. పైనుంచి ఐవర్‌కు పోల్చుకోవడం కుదరలేదు. కొంచెం కిందికి దిగాడు. ఇంకొంచెం దిగాడు. మూడో చుట్టులో చెట్ల కొసలు రెక్కకు తగిలాయి. ఐవర్ బతకలేదు.

"ఆ రోజు నాకేమీ అక్కర్లేదు డేల్. ఏమీ వద్దు నాకు. దుప్పటి ఆరేశాను, అంతే." ఆ రాళ్ళ మీద కూర్చొని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నారు. బొటనవేలి కొలత నేర్పింది కూడా ఐవరే. పెళ్ళికి ముందు, సరదాకి.

ఈ సంగతి ఊరికి చెబుదామన్నాను. ఒప్పుకోలేదు. "నేను పోయాక చెప్పు. ఇప్పుడు తెలిస్తే జాలిపడతారు. జాలిపడ్డవాళ్ళు నెలలో మర్చిపోతారు. కోపమొచ్చినవాడు గుర్తుపెట్టుకుంటాడు. నన్ను తిట్టుకోనివ్వు." అరవై రెండు మంది తిట్లూ ఆమె మోశారు, మనం మన ఎత్తున ఎగరడానికి.

థోరా గారూ, పదిహేడేళ్ళుగా నేను పొద్దున్నే లేస్తున్నాను. మా అమ్మాయికి జడ వేశాను, దాని చదువు చూశాను, దానికి విమానం నడపడం నేర్పాను. ఇదంతా మీరు పెట్టిందే. మీరున్నప్పుడు ఒక్కసారి థ్యాంక్స్ అన్నాను. మీరు "రొట్టె చల్లారిపోతోంది, తిను," అన్నారు. ఈరోజు ఊరందరి ముందు మళ్ళీ అంటున్నాను. మీకు కృతజ్ఞుణ్ణి. ఈ ఊరు మీకు రుణపడి ఉంది.

నిన్న మన కుర్ర పైలట్లు నా దగ్గరికొచ్చారు. "గౌరవంగా ఈ కప్పు మీదుగా బాగా కిందికి ఎగిరి వందనం చేస్తాం, పైలట్లకు అలాగే కదా చేస్తాం," అన్నారు. అయ్యా బాబూ, ఆవిడ శవపేటికలోంచి లేచి ఫోను చేస్తారు! వద్దన్నాను.

ఇప్పుడు పదకొండు కావస్తోంది. పదకొండింటికి ఒకే ఒక విమానం ఈ బడి మీదుగా వెళుతుంది, వెయ్యి అడుగుల ఎత్తున. నడుపుతున్నది మా బ్రిట్. ఇన్ని గోడల మధ్య, అంత ఎత్తు నుంచి, ఆ చప్పుడు చాలా సన్నగా వస్తుంది. మనం మాట్లాడుకుంటూ ఉంటే వినపడదు.

దయచేసి లేచి నిలబడండి. ఆ చప్పుడు వచ్చి, మనల్ని దాటి, నది మీదుగా పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఎవరూ మాట్లాడవద్దు.