వెళ్తానన్న మాటకు తోక

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగో తేదీన మా భాషా శిక్షణ కేంద్రం మేడ మీది ఇరుకు గదిలో స్పానిష్ అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్‌గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారి అసలు పేరు కార్యాలయ పత్రాలకే పరిమితం. మా అందరికీ వారు ‘రేపటి మేడమ్’.

ఆ పేరు ఊరికే రాలేదు. అందరూ వర్తమాన కాలంతో పాఠం మొదలుపెడితే, వారు భవిష్యత్తుతో మొదలుపెట్టేవారు. తొలినాళ్లలో పై అధికారులు ముక్కున వేలేసుకున్నారు. అబ్లార్ అంటే మాట్లాడడం, కొమేర్ అంటే తినడం, బిబీర్ అంటే జీవించడం. క్రియను ఎక్కడా కత్తిరించకుండా చివర ‘ఎ’ చేర్చి నొక్కి పలికితే చాలు: అబ్లరే, కొమెరే, బిబిరే, మాట్లాడతాను, తింటాను, జీవిస్తాను. ‘ఆమె’ అయితే ‘ఆ’, ‘మనం’ అయితే ‘ఏమోస్’. “రోజూ వస్తాను, రేపు వస్తాను, రెండింటికీ మనకి ఒకటే మాట. వాళ్లకి రేపటికి వేరే తోకుంది. అది మర్చిపోతే మీ మాట ఇవాళే ఆగిపోతుంది” అనేవారు.

అనంతరం శాఖాధిపతిగా ఎదిగి, ఉద్యోగుల కోసం వారు నెలకొల్పిన సాయంకాల తరగతి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. అందులో ఇద్దరు పిల్లల తల్లి అయిన ఒక నర్సు ఉండేవారు. వీధి చివర స్పెయిన్ వాళ్లు నడిపే ఆసుపత్రిలో స్పానిష్ వచ్చిన నర్సు ఉద్యోగమే ఆమె ఆశంతా. ఇంటర్వ్యూలో చక్కగా జవాబులిచ్చి, సెలవు తీసుకుంటూ మన అలవాటు కొద్దీ “ఇరే, ఇ బొల్బెరే” అన్నారట. వెళ్తాను, తిరిగి వస్తాను అని. వ్యాకరణం నిక్షేపంలా ఉంది. మరచినదేదో తేవడానికి వెళ్లిందనుకుని ఆ స్పెయిన్ అధికారులు ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆమె నింపాదిగా బస్టాపుకు నడిచి బస్సు కోసం నిలబడ్డారు. చివరకు వాళ్లు విసిగి, మాట మీద నిలబడని మనిషి తమకెందుకని కేంద్రానికి ఫోన్ చేశారు.

మేడమ్‌గారు చేతిలో సుద్దముక్కతోనే వీధిలోకి పరుగుతీశారు. బస్సెక్కబోతున్న ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ గదిలో నిలబెట్టారు. “మా భాషలో ఉత్తినే వెళ్తానని అనం, తిరిగొస్తానని తోక కూడా కలిపి చెప్తాం. ఇదిగో, వచ్చింది” అన్నారు. అధికారులు పడీ పడీ నవ్వారు. ఉద్యోగం ఆమెకే దక్కింది.

గతవారం మేడమ్‌గారు బల్ల సొరుగు ఖాళీ చేసి, ఎవరి ముఖమూ చూడకుండా “ఇక వెళ్తాను” అన్నారు. నేడు ఆ ఆసుపత్రికి ప్రధాన నర్సయి, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఆ నర్సే మెల్లగా అందుకున్నారు.

“తోక మర్చిపోయారు మేడమ్.”

వారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “బొల్బెరే” అన్నారు. చివరి అక్షరాన్ని నొక్కే పలికారు.

ఆ మాట పట్టుకునే మేమున్నాం. మాకు రేపటిని నేర్పిన ఆ మహోపాధ్యాయినికి కృతజ్ఞతతో, వారు నేర్పిన క్రియలతోనే మా శుభాకాంక్షలు: మేడమ్‌గారు మనసారా మాట్లాడతారు, కడుపారా తింటారు, ఆరోగ్యంగా నిండు నూరేళ్లు జీవిస్తారు. అబ్లరా, కొమెరా, బిబిరా.