ఈ మిర్చి అయిపోనీ

పినపాక దగ్గర, గోదావరి వైపు పొలంలో, మిర్చి ఆరబోసిన కల్లం పక్కన టార్పాలిన్ నీడలో నులకమంచం. మంచం మీద రాఘవమ్మ, ఆమె చేతుల్లో పెరిగి ఇప్పుడు జర్మనీలో నర్సుగా పనిచేస్తున్న సంగీత.

"రెండు దేశాల పౌరసత్వమూ ఉంచుకోవచ్చని పేపర్లో వేశారే. జర్మనీ వాళ్ళు ఒప్పుకున్నారంట. నేను కూడబలుక్కుని రెండుసార్లు చదివా."

"వాళ్ళు ఒప్పుకున్నరు పెద్దమ్మా. మనోళ్ళే ఒప్పుకోరు. ఆడ కాగితం తీసుకున్న రోజే ఈడి పౌరసత్వం పోతది."

"పోతది అంటే? ఎవరన్నా వచ్చి లాక్కుపోతారా?"

"నేనే పోయి ఇయ్యాలె. ఆడ మన దేశపోళ్ళ ఆఫీసు ఉంటది. పాస్‌పోర్టు మీద రద్దు అని ముద్ర కొట్టి మళ్ళ నా చేతికే ఇస్తరు."

"చెల్లనిది చేతికి ఎందుకూ? దాచుకుని ఏడవడానికా?"

"పాత వీసాలుంటయి గద దాంట్ల."

"మరి ఇక్కడికి రావాలంటే?"

"ఒక కార్డు ఇస్తరు. ఎన్నిసార్లన్న రావచ్చు, ఎన్నాళ్ళన్న ఉండొచ్చు. ఓటుండదు. పొలం కొననియ్యరు. అంతే."

"పుట్టిన ఊరికి రావడానికి కార్డు."

"ఇప్పుడు గూడ ఉత్తగ వస్తున్ననా? పాస్‌పోర్టు చూపిస్తనే లోపలికి రానిస్తున్నరు."

"అది వేరు. అది మనది. రేపు ఆ జర్మనీ వాళ్ళు కూడా వద్దంటే? ఇక్కడిదీ లేక, అక్కడిదీ లేక, నడి గోదాట్లో పడవలో కూర్చుంటావా?"

"ఒకసారి ఇచ్చినంక ఊకెనే గుంజుకోరు."

"నీకెవరు చెప్పారు?"

"మా ఆయన భాస్కర్ తీసుకున్నడు గద. మా పాపకొచ్చింది గద. వాళ్ళను ఎవరేమన్నరు?"

"అదే నేను అనేది. ఇంట్లో ఇద్దరికి ఉంది. చాలదూ? ఒకరికన్నా ఇక్కడిది ఉండాలి. టీ తాగు, చల్లారిపోతుంది."

"ఇంట్ల ముగ్గురం పెద్దమ్మా. ఇద్దరం కాదు."

"తాగు ముందు. మిర్చి ఘాటుకి దగ్గుతున్నావ్. ఈ కల్లంలోనే ఆడుకున్న పిల్ల, ఇప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటోంది."

"అలవాటు తప్పింది."

"అలవాట్లు తప్పడానికేముందిలే."

"జర్మనీ పౌరసత్వం ఆఫీసోళ్ళు వచ్చే నెల పిలిచిన్రు. ఈసారి పోకుంటే ఫైలు మూసేస్తరట. మళ్ళ మొదటి నుంచి మొదలు పెట్టుకోవాలె."

"పాపకి తెలుగు అక్షరాలు వచ్చా?"

"నేనేం చెప్తున్న, నువ్వేం అడుగుతున్నవ్?"

"ఊరికే అడిగాలే. నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నీ పుస్తకం చూసే నేను నేర్చుకున్నా. నువ్వు పైకి చదువుతుంటే పొయ్యి దగ్గర బొగ్గుతో దిద్దేదాన్ని. మీ పెదనాన్న చూసి నవ్వితే చెంగుతో తుడిచేసేదాన్ని."

"తెల్సు. నాకంటె నీకే జల్దీ వచ్చినయి."

"వచ్చి ఏం లాభం? పేపరు తీస్తే ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్ళిపోతూనే ఉంటారు. అసలు వెళ్ళే వాళ్ళకి తాము వెళ్తున్నట్టు తెలీదే. మీ పెదనాన్న ఖమ్మం ఆసుపత్రికి వెళ్తూ పెసలు నానబెట్టమన్నాడు, పొద్దున్నే వచ్చి అట్లు తింటానని. ఆ గిన్నె నేను తీయలేదు. పెసలకి మొలకలొచ్చాయి."

"పెద్దమ్మా."

"ఊ."

"నువ్వేం అడగాలనుకుంటున్నవో నాకు తెల్సు. సీదా అడుగు."

"నేనేం అడుగుతాను? ఏం లేదు."

"భూమి సంగతి."

"అదిప్పుడెందుకు?"

"అదే అసలు సంగతి. నా పేరు మీద ఉన్న ఈ భూమి."

"మెల్లగా మాట్లాడు. కల్లంలో ఆడవాళ్ళున్నారు."

"వాళ్ళకు తెల్వదా? ఊరందరికీ తెల్సు. ఇది మా నాయన మంగీలాల్ భూమి. పెదనాయన కొన్నడు. ఏజెన్సీల గిరిజనుల భూమి గిరిజనులు కాని మీ పేరు మీద ఎక్కదు. అందుకని పట్టా మా నాయన పేరు మీదనే ఉంచి మీరు దున్నుకున్నరు. నాయన పోయినంక మా తమ్ముడు తిరుపతి పేరు మీదికి పోతే వాడు గుంజుకుంటడని భయపడ్డరు. మీ ఇంట్ల పెరిగిన పిల్లను, మీ మాట జవదాటనని నా పేరు మీద ఎక్కించిన్రు. అవునా?"

"నిన్ను చదివించాం సంగీతా."

"అవ్, చదివించిన్రు. నేను కాదన్ననా? అది మర్సిపోక గద ఇన్నేండ్లు ఆగిన."

"ఆగడమేంటి?"

"నీకు తెల్వనట్టు అడుగుతున్నవ్. ఖమ్మంల లాయరును అడిగితే ఏమన్నడో చెప్పిన గద. పేరు మార్చేదుంటే నేను ఈ దేశపుదాన్ని ఉన్నప్పుడే మార్చుకోవాలె, తర్వాత ఒక్కో ఆఫీసుల ఒక్కో మాట చెప్తరన్నడు. మార్చినా మళ్ళ గిరిజనుల పేరు మీదనే మార్చాలె. అంటే తిరుపతి. వాని పేరు మీదికి పోతే నిన్ను ఎల్లగొడ్తడని నీ భయం. పోయినేడు అడిగితే, ఈ మిర్చి అయిపోనీ అన్నవ్. అంతకుముందేడు గూడ అదే మాట. నేను ఆడికి పోయి, నా ఫైలు పక్కన పెట్టుండ్రి అని చెప్పుకున్న. భాస్కర్ నాతోని వారం రోజులు మాట్లాడలే."

"అల్లుడు మంచివాడే. మళ్ళీ మాట్లాడాడుగా."

"మాట్లాడిండు."

"మరింకేం? ఇంకొక్క ఏడాది..."

"పాప ఏం చేసిందో తెల్సా?"

"ఏం చేసింది?"

"నా పాస్‌పోర్టు తీసి బియ్యం డబ్బాల దాచింది."

"అదేంటి?"

"బడిల ఎవడో పిలగాడు చెప్పిండట, వేరే దేశం పాస్‌పోర్టున్నోళ్ళను పంపించేస్తరని. నిన్ను పంపరు, మీ నాయనను పంపరు, మీ అమ్మను పంపుతరు అన్నడట. ఆ పుస్తకం దొరక్కపోతే నన్నెట్ల పంపుతరని దాని లెక్క."

"పిచ్చిపిల్ల."

"అన్నం వండుదామని చెయ్యి పెడితే తగిలింది. కోపం చేద్దామనుకున్న. అది తలుపుకాడ నిలబడి నా చెయ్యి దిక్కే చూస్తున్నది."

"కొట్టలేదు కదా?"

"కొట్టలే. మళ్ళ ఆడనే పెట్టిన."

"బియ్యంలోనా?"

"రెండ్రోజులు ఆడనే ఉన్నది. ఆడ మా దవాఖానల ఒక ముసలాయనున్నడు. రోజూ నేనే స్నానం చేపిస్త. ఎన్నికల్ల బయటి దేశపోళ్ళను పంపిస్తమన్న పార్టీకి మస్తు ఓట్లు పడ్డ తెల్లారి అడిగిండు, నువ్వెప్పుడు పోతున్నవని. మంచిగనే అడిగిండు, నవ్వుకుంటనే. నేనప్పుడు ఆయన వీపు తుడుస్తున్న."

"నువ్వేమన్నావ్?"

"చెయ్యి లేపుమన్న. చంక తుడవాలె గద."

"అలాంటి చోట ఎందుకే మరి? వచ్చేయకూడదూ? ఖమ్మంలో ఆసుపత్రులు లేవా?"

"పాప బడి ఆడ. దాని దోస్తులు ఆడ. భాస్కర్ పని ఆడ. ఎట్ల వస్త?"

"నీకేం బాధ లేదా, ఇక్కడిది వదులుకోవడానికి?"

"ఎందుకుండదు? ఆ నీలం పుస్తకం పోస్టుల వచ్చిన రోజు పెదనాయన తండా అంత మిఠాయి పంచిండు. దాని మీదనే రద్దు ముద్ర కొడ్తరు. రెండూ ఉంచుకొమ్మంటె నేనే ముందు ఉంచుకుందును. అట్ల ఉంచుకోనియ్యలే ఎవరూ. ఇదన్న ఉండాలె, అదన్న ఉండాలె అన్నరు. నాకు నా బిడ్డ ఉన్న దిక్కు ఉండాలె."

"వదిలేస్తే ఇక రావు నువ్వు."

"ఎందుకు రాను?"

"రావు. నాగలత కూడా ఇలానే చెప్పింది. కన్నకూతురు, నూజివీడు నుంచి రావడానికే దానికి తీరడం లేదు. మీ అమ్మ సోమ్లి కూడా పోయె. ఇంక నీకిక్కడ..."

"మాట మార్చకు పెద్దమ్మా. నీ భయం నేను రానని కాదు. ఈ ఏడెకరాలు పోతయని."

"సరే. అలానే అనుకో."

"అనుకునుడేంది? అవునా కాదా చెప్పు."

"అలానే అనుకోవే. నేను కాదన్నానా?"

"చూడు, నిన్ను బాధపెడదామని రాలే. తిరుపతిని పిలుస్త. నీ ముందల్నే మాట తీసుకుంట. పట్టా వాని పేరు మీదికి పోయినా, నువ్వున్నన్నాళ్ళు పంట నీదే. రాసిమ్మంటె రాసిస్తడు."

"వద్దు. వాణ్ణి పిలవకు."

"ఎందుకు?"

"పనిలో ఉన్నాడు. సంచులు కుడుతున్నాడు. బండొచ్చే వేళయింది."

"నీ దగ్గర పనిచేసేటోడే గద, నువ్వు పిలిస్తె రాడా? తిరుపతీ. ఓ తిరుపతీ, ఇటు రా."

"సంగీతా, వద్దన్నానా."

తిరుపతి దబ్బనం సంచికి గుచ్చి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏందక్కా?"

"కూసో. ఒక్క మాట అడుగుత, సీదా చెప్పు. ఈ భూమి నీ పేరు మీద చేస్తె పెద్దమ్మను బతకనిస్తవా? ఆమె ఉన్నన్నాళ్ళు పంట ఆమెకే ఇస్తవా?"

"ఆమెకే ఇచ్చుడేంది?"

"చూసినవా పెద్దమ్మా? అప్పుడే గిట్ల మాట్లాడుతున్నడు."

"అది కాదక్కా. అమ్మా, అక్కకు ఇంకా చెప్పలేదా నువ్వు?"

"నువ్వు పోయి సంచులు చూసుకో తిరుపతి."

"ఏం చెప్పలే?"

"నన్నడగకు అక్కా. ఒట్టు వేయించుకున్నది."

"తిరుపతీ."

"నన్నడగకు అంటున్న గద."

"మన అమ్మ మీద ఆన. చెప్పు."

"ఏముంది చెప్పనీకె? ఈ మిర్చి నాది."

"నీదేంది?"

"విత్తనం నాది, మందు నాది, కూలోళ్ళు నా కూలోళ్ళు. పెద్దాయన పోయిన మరుసటేడే నన్ను పిలిచి, మీ నాయన భూమి నువ్వే చేసుకో అన్నది. ఈమె కొడుకు ఖమ్మం నుంచొచ్చి గొడవ పెట్టుకున్నా ఇనలే. ఇంట్లకు బియ్యం నేనే ఏస్త, దవాఖానకు నేనే తీస్కపోత. నువ్వొచ్చినన్ని రోజులు మాత్రం నేను కూలోని లెక్క నిలబడాలె, ఈమె మంచం మీద కూసోవాలె. నా పిల్లలకు గూడ చెప్పి పెట్టాలె, అత్తమ్మ ముందల నోరు జారొద్దని. యాష్టకొచ్చింది నాకు."

"పట్టా?"

"అదొక్కటి మాత్రం మార్చొద్దన్నది. నేను అడగకపోలే. అక్క పేరు మీదనే ఉండనీరా, అక్క పేరు మీదనే ఉండనీ. ఎప్పుడు అడిగినా అదే మాట."

"అంటే, నేను ఫైలు ఆపుకున్నప్పుడల్లా..."

"నువ్వు దీని కోసం ఆపుకున్నవని నాకు తెల్వదక్కా. నిజంగ తెల్వదు."

"పెద్దమ్మా. ఇటు చూడు. భూమి వానికి ఇచ్చేసి, ఇంక దేనికి నన్ను ఆపినవ్? ఒక్క ఫోన్ చేసి చెప్తె ఏం పోయేది నీకు?"

"చెబితే, నువ్వప్పుడే ఆ జర్మనీ కాగితం మీద సంతకం పెట్టేసేదానివి."