తమ్ముడి కుర్చీలో గడ్డం

ఎదురెదురు సెలూన్లు నడుపుకునే అన్నదమ్ముల్లో పెద్దవాడు రోడ్డు దాటి వచ్చి, చెప్పాపెట్టకుండా తమ్ముడి కుర్చీలో కూలబడ్డాడు.

“మళ్ళీ చెప్పు, ఏం కావాలన్నావ్?”

“గడ్డం గియ్యమంటున్నానురా. ఎన్నిసార్లు చెప్పాలి?”

“నీ షాపులో రెండు కుర్చీలు, నిలువెత్తు అద్దం. అవన్నీ వదిలేసి ఇక్కడికొచ్చావ్. వదినతో గొడవా?”

“గొడవేం లేదు. ఆవిడే వెళ్ళమంది.”

“అదీ సంగతి. ఏం చేశావ్?”

“ఏం చెయ్యలేదు. నురగ పట్టించు.”

“పట్టిస్తాలే, గడ్డం పైకెత్తు. అదేంటన్నయ్యా, బుగ్గలు లోపలికి పోయాయి?”

“ఉపవాసం.”

“నువ్వా? అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషివి.”

“నవ్వకు. తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుంటున్నా. చెప్పులు మానేశా. మంచి కోటు ఒకటి ఎవరికో ఇచ్చేశా.”

“ఏ కోటు? ఆ బూడిదరంగుదా? అది నీకు ఎప్పుడో బిగుతైపోయిందిగా.”

“మీ వదినా అదే అంది.”

“ఇంతకీ ఎందుకివన్నీ?”

“దేవుడు పలకడం లేదురా.”

“ఎవరు?”

“దేవుడు. రోజూ షాపు తెరిచే ముందు కళ్ళు మూసుకుని ఆయనతో నాలుగు మాటలు చెప్పుకునేవాణ్ణి కదా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆయన రావడం లేదు. నీ ఖాళీ కుర్చీ వస్తోంది.”

“మధ్యలో నా కుర్చీ ఎందుకొస్తుంది?”

“కత్తి బాగా నూరావా?”

“మాట మార్చకు.”

“చెబుతా. ముందు ఆ కత్తి కింద పెట్టు.”

“పెట్టాను.”

“ఇంకొంచెం దూరంగా.”

“పెట్టానయ్యా. చెప్పు.”

“నీ చెయ్యి వణుకుతోందని వీధంతా అనుకుంటున్నారు కదా.”

“అందుకేగా ఈగలు తోలుకుంటున్నా.”

“ఆ మాట పుట్టించింది నేనే.”

“ఎవరితో అన్నావ్?”

“రేడియో బాబాయితో.”

“ఆయనొక్కడితోనేనా?”

“ఆయనకి చెప్పాక ఇంకొకరికి చెప్పే పనేముంది?”

“ఎందుకన్నావన్నయ్యా?”

“మేష్టారి వల్ల. నా కుర్చీలోనే జుట్టు నెరిసిన మనిషి, ఆ రోజు నీ షాపులోంచి నున్నగా బయటికొచ్చాడు. పైగా నన్ను చూసి నవ్వాడు. కడుపు మండిపోయింది. బాబాయి అప్పుడే వచ్చి కూర్చున్నాడు, నోటికొచ్చింది అనేశా. కత్తి పట్టడం నీకు నేర్పింది నేను. ఆ చేతి మీదే అబద్ధం చెప్పాను. సిగ్గుగా ఉందిరా.”

“ఎవరో గిట్టనివాళ్ళు అన్నారనుకున్నా. నువ్వనుకోలేదు.”

“తప్పయిపోయింది. మురికి చేసింది వాడి కుర్చీ దగ్గరైతే, మన స్నానాలగదిలో కడుక్కుంటే ఎలా పోతుంది అంది మీ వదిన. అందుకే వచ్చా. అటు చూడు, నా బెంచీ మీద బాబాయితో సహా అందరూ ఇటే చూస్తున్నారు. వాళ్ళకి చెప్పే వచ్చాను, నేనన్నది పచ్చి అబద్ధం, కావాలంటే చూడండి, నా మెడ వాడి చేతికిస్తున్నానని.”

“అన్నయ్యా, లేచి వెళ్ళిపో.”

“కోపం వద్దురా.”

“కోపం ఉంది, అది తర్వాత చూసుకుందాం. నువ్వన్నది ఇప్పుడు అబద్ధం కాదు.”

“అంటే?”

“ఆ మాట పాకినప్పట్నుంచీ కూర్చున్న ప్రతివాడూ రెప్ప వెయ్యకుండా అద్దంలో నా చేతినే చూస్తాడు. వాళ్ళలా చూస్తుంటే నిజంగానే వణుకొస్తోంది. నిన్న ఒకాయనకి చెవి కింద గాటు పడింది. ఇదిగో, నా చెయ్యి చూడు.”

“అమ్మో.”

“ఇప్పుడు నువ్వూ చూస్తున్నావ్. మొహం తుడుచుకుని వెళ్ళు.”

“ఈ నురగతో లేచి వెళ్తే బాబాయి ఏమంటాడు?”

“ఏమంటాడు, వణుకు నిజమేనంటాడు.”

“అయితే లేవను. కుర్చీలో కూర్చున్నవాడు చూడకపోతే వణకదు కదా?”

“ఏమో. చూడకుండా కూర్చున్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.”

“నేను కూర్చుంటా. ఇదిగో, కళ్ళు మూసుకున్నా. కత్తి తీసుకో.”

“భయం లేదా?”

“చచ్చేంత ఉంది. అయినా కానివ్వు.”

“చెంపలయ్యాయి. గొంతు దగ్గరికొచ్చా, కదలకు.”

“ఊఁ.”

“అన్నయ్యా, చెయ్యి నిలబడింది. నిలబడిందన్నయ్యా. ఏంటి, పెదాలు కదుపుతున్నావ్? గొణక్కు, తెగుతుంది. ఏం కావాలో గట్టిగా చెప్పు.”

“నీతో కాదురా. నువ్వు కానివ్వు.”