పద్యానికి బ్యాటరీ

ఆ పొద్దు మబ్బు పట్టి, చినుకు రాల్చకుండానే కర్నూలు వైపు తేలిపోయింది. నాటకాల ఈరక్కకు జ్వరంతో గొంతు సన్నబడింది. రాత్రి నాటకంలో పద్యం చివరి వరసలో కూర్చున్నవాళ్లకు వినపడకపోతే వేషం ఇంకొకరికి పోతుంది. ఊళ్లో కరెంటు లేదు. మైకుసెట్టు కంబన్నను ఆమె అడగడం మానలేదు.

"డైనమో ఇంజను పెడితే ఏమప్పా?"

"తెల్లారేదాకా పలుకుతాదక్కా. కానీ నీ పద్యం కింద ఇంజను గూడా పాడతాది."

"లారీ బ్యాటరీ?"

"గురగుర ఉండదు. నడిజాముకే సచ్చిపోతాది."

"మాటలప్పుడు ఆర్పెయ్. పద్యానికే వెయ్."

"వేసినాక ఈ పాత మైకుపెట్టె వేడెక్కల్ల, అప్పుడే పలికేది. అంతసేపు నోరు తెరుచుకోని నిలబడతావా?"

"పద్యానికి ముందు హార్మోనియమాయన రాగం తీసేది ఇంకెందుకప్పా?"

కంబన్న నవ్వి, బ్యాటరీకి తీగలు బిగించాడు.

ఆపైన ఈరక్క గొంతు దాచుకుంటూ మాట మానేసింది. ఇద్దరూ జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నారు.